జి–సి–ఎఫ్ అంటే మన లెక్కలో ఐదు, ఒకటి, నాలుగు

ప్రశ్న: మాస్టారూ, మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. రామాలయంలో శనివారం భజనకీ, ఊళ్ళో నాటకం వేస్తే పద్యాలకీ హార్మోనియం వాయిస్తాను. మూడేళ్ళ నుంచి మా ఊరి ఆడవాళ్ళ కోలాటానికి కూడా నేనే. తీర్థాల్లో వాళ్ళు తిరుగుతూ ఆడుతుంటే నేను ఒకచోట కూర్చుని వాయించడం కుదరట్లేదు. మా బావ అమెరికాలో సాన్ ఆంటోనియోలో ఉంటాడు. అక్కడి మెక్సికన్ల చేతుల్లో మూడు వరసల బటన్ అకార్డియన్ చూసి, “అచ్చం మన కోలాటం ఊపేరా, సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తెస్తాను” అన్నాడు. నాలుగు ఫొటోలు పంపాడు. జి–సి–ఎఫ్‌లో హోనర్ కంపెనీ పాంథర్ కొత్తది. ఎఫ్–బి ఫ్లాట్–ఇ ఫ్లాట్‌లో హోనర్ కొరోనా టూ, వాడినది. స్కాట్లండ్ వాళ్ళు వాయించే బి–సి–సి షార్ప్ పాత పెట్టె. ఇంకొకటి క్రొమాటిక్ అట. వీటిలో ఏ మోడల్ మంచిది? కోలాటానికీ, పద్యానికీ, భజనకీ ఒకటే సరిపోతుందా? మా ఉప్పుగాలికి నిలుస్తుందా?

జవాబు: బాబూ, నాకు డెబ్బై దాటాయి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నాలుగు మోడళ్ళ పేర్లు రాశావు గానీ అసలు మాట రాయలేదు. మీ కోలాటంలో ముందు పాట ఎత్తుకునే ఆవిడ ఏ శృతిలో పాడుతుంది? హార్మోనియం వాయించేవాడివి, నీకు తెలియకుండా ఉండదు. హార్మోనియం మీద ఏ మెట్టునైనా సా చేసుకోవచ్చు కాబట్టి అది చెప్పాల్సిన విషయంగా నీకు తోచి ఉండదు. ఈ మూడు వరసల పెట్టె దగ్గర ముందు అడగాల్సింది అదే.

నేను అడక్కుండా ఒకసారి కొన్నాను. కాకినాడ రేవులో ఓడ దిగిన ఒకాయన దగ్గర, ఎర్రటి పెట్టె, అద్దంలా మెరుస్తోంది. ఇంటికొచ్చి చూస్తే ఎఫ్–బి ఫ్లాట్–ఇ ఫ్లాట్. అప్పుడు నాకు ఆ అక్షరాల అర్థం సరిగా తెలియదు. నెలరోజులు సాధన చేసి అంతర్వేది తీర్థానికి మా కోలాటం బృందంతో వెళ్ళాను. మా పాటగత్తెది ఐదు శృతి. ఆవిణ్ణి నాలుగుకి దించితే కింది స్వరాలు ఆ జనంలో వినపడలేదు. ఆరున్నరకి ఎక్కిస్తే పాట కాస్తా కేకలయింది. రెండు పాటలయ్యాక ఆవిడ నా వైపు చూసి, “పెట్టె బాగుందండి, కాసేపు ఆపండి” అంది. మిగతా రాత్రంతా వాళ్ళు తాళాలతో ఆడితే, నేను పెట్టె భుజాన వేసుకుని వెనకాల నడిచాను. మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా పనికిరాని బరువు మోస్తుంటే నా పేరు చెప్తారు.

ఆ అక్షరాలను మన లెక్కలోకి మార్చి చెప్తాను. హార్మోనియం మీద సి అనే తెల్లమెట్టు ఒకటి, అక్కడి నుంచి తెల్లమెట్లు వరసగా ఏడు దాకా, మధ్యలో నల్లమెట్లు అరలు. జి–సి–ఎఫ్ అంటే ఐదు, ఒకటి, నాలుగు శృతులు. ఎఫ్–బి ఫ్లాట్–ఇ ఫ్లాట్ అంటే నాలుగు, ఆరున్నర, రెండున్నర. ఇ–ఎ–డి అంటే మూడు, ఆరు, రెండు. ఎ–డి–జి అంటే ఆరు, రెండు, ఐదు. ఏ పెట్టెలో చూసినా పక్క వరస సా, మొదటి వరసకి మధ్యమం అవుతుంది. ఒక్కో వరస ఒక్కో శృతికి శంకరాభరణం. వరస మారితే శృతి మారుతుంది, అంతే. పెట్టె మీద ఏ కంపెనీ పేరు ఉందన్నది దీని తర్వాతే.

ఇప్పుడు బటన్ సంగతి. హార్మోనియంలో నువ్వు తిత్తి ఎటు ఆడించినా మెట్టు నొక్కితే అదే స్వరం వస్తుంది. గాలి లోపలి అరలో నిలవ ఉండి ఒకే దిక్కుగా రీడ్ మీదకి, అంటే గాలికి అదిరి పలికే లోహపు నాలుక మీదకి పోతుంది. ఈ డయటానిక్ పెట్టెల్లో తిత్తి మూస్తే ఒక స్వరం, తెరిస్తే ఇంకో స్వరం. మౌతార్గాన్ ఊదినట్టూ పీల్చినట్టూ అనుకో. ఒక వరస నడుమ నాలుగు బటన్లు తీసుకుంటే, మూస్తే వరసగా స, గ, ప, పై స. తెరిస్తే రి, మ, ద, ని. మొదటి మూడు బటన్లలో తెరిచిన స్వరం మూసినదానికన్నా పైది. నాలుగో బటన్‌లో మాత్రం తిరగబడుతుంది, మూస్తే పై స, తెరిస్తే దాని కింది ని. హార్మోనియం అలవాటున్నవాడు మొదటి పదిహేను రోజులు ఇక్కడే తప్పటడుగులు వేస్తాడు. చెయ్యి ముందుకు వెళ్తుంది, స్వరం వెనక్కి వస్తుంది.

మీ బావ చెప్పిన ఊపు కూడా ఇక్కడిదే. మోహన వరస ఒకసారి ఆడించి చూడు. స మూసి, రి తెరిచి, గ మూసి, ప మూసి, ద తెరిచి, పై స మూసి. ప్రతి మలుపు దగ్గరా తిత్తి తిరిగి చిన్న దెబ్బ పడుతుంది. కర్రలు తాటించినట్టే. హార్మోనియం మీద ఆ దెబ్బ కోసం వేళ్ళతో మెట్టుని కొట్టాలి, దీనిలో తిత్తే కొడుతుంది. నేను 2014లో మా అమ్మాయి దగ్గర సాన్ ఆంటోనియోలో ఆరు నెలలున్నాను. అక్కడ 1982 నుంచి మే నెలలో కొంహుంతో అనే మెక్సికన్ల అకార్డియన్ సంగీతానికి ఒక పెద్ద పండగ చేస్తారు. పార్కులో చెట్ల కింద ముసలివాళ్ళు జంటలు జంటలుగా గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేస్తుంటే నాకు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నిలబడ్డట్టే అనిపించింది, కొబ్బరిచెట్లు తప్ప. మీ బావ చెవి మంచిదే.

అక్కడి కథ కూడా తెలుసుకోవాల్సిందే. టెక్సస్‌కి వలసొచ్చిన జర్మన్లు, చెక్ వాళ్ళు పోల్కా, వాల్ట్జ్ పాటలతో పాటు ఈ పెట్టెని తెచ్చారు. పక్కనే ఉన్న మెక్సికన్ రైతు కూలీలు దాన్ని అందిపుచ్చుకుని, బాహో సెస్తో అనే పన్నెండు తీగల గిటారుని తోడు చేసుకున్నారు. తాళం, శృతి ఆ గిటారు చూసుకోవడంతో అకార్డియన్ వాళ్ళు ఎడమ చేతి బటన్లని దాదాపు వదిలేసి కుడిచేతి పాట మీదే పడ్డారు. పేరున్న అకార్డియన్ వాద్యకారుడు ఫ్లాకో హిమెనెజ్ సాన్ ఆంటోనియోవాడే, 1939లో పుట్టి 2025లో పోయాడు. ఆయన వాయిద్యం వింటే కుడిచేతి వేళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. నీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఎడమ చెయ్యి లేకుండానే ఒక సంప్రదాయం మొత్తం నిలబడింది. నువ్వు కూడా మొదట్లో ఎడమవైపు 12 బటన్ల జోలికి పోవక్కర్లేదు.

పోకూడదు అని కూడా అంటాను. వాటిలో సగం మంద్రస్వరాలు, సగం కార్డులు, అంటే ఒక్క బటన్ నొక్కితే కొన్ని స్వరాలు కలిసి మోగేవి. కార్డులు ఎక్కువగా మేజర్, అంటే అంతర గాంధారం కూడా మోగుతుంది. మన పాట మధ్యమావతిలో ఉంటే దానిలో గాంధారమే లేదు, ఖరహరప్రియ వరసలో ఉంటే సాధారణ గాంధారం. ఆ కార్డు నొక్కావంటే పులుసులో పంచదార పోసినట్టు అవుతుంది. పోనీ మంద్రస్వరం ఒక్కటే శృతిగా పట్టుకుందామంటే అదీ తిత్తి తిరగగానే మారిపోతుంది. పక్కన ఎలక్ట్రానిక్ శృతి పెట్టె పెట్టుకో. ఒక్క జాగ్రత్త, చాలా అకార్డియన్లలో ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి కాకుండా కొంచెం పైన 442కి శృతి చేస్తారు. శృతి పెట్టె ఫైన్ ట్యూన్ తిప్పి దీనికి కలుపుకోవాలి, లేకపోతే రెండూ కలిసి తేనెటీగల్లా రొద పెడతాయి.

ఇక మోడళ్ళు. పాంథర్, కొరోనా టూ రెండిట్లోనూ కుడిచేతికి 31 బటన్లు (10, 11, 10 చొప్పున మూడు వరసలు), ఎడమచేతికి 12, స్వరానికి రెండు రీడ్లు. అంటే కాగితం మీద రెండూ ఒకటే. హోనర్ మూడు వరసల పెట్టెల్లో తక్కువ ధరకి వచ్చేవాటిలో పాంథర్ ఒకటి. స్వరం మార్చే రిజిస్టర్లు లేవు, నగిషీలు లేవు, నల్లగా ఉంటుంది. బటన్ల చప్పుడు కొరోనా కన్నా కొంచెం ఎక్కువ. తీర్థంలో ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. కొరోనా చేతికి మెత్తగా ఉంటుంది, తిత్తి గాలి బాగా పట్టి ఉంచుతుంది. రెండూ ఒకే శృతిలో దొరికితే కొరోనానే తీసుకోమంటాను. కానీ మీ బావ చూసిన కొరోనా నాలుగు, ఆరున్నర, రెండున్నర శృతులది. అంటే అంతర్వేదిలో నేను మోసినదాని చెల్లెలు. మీ పాటగత్తె నాలుగులో హాయిగా పాడితే కళ్ళు మూసుకుని కొను. ఐదు అయితే వద్దు, పాంథర్ చాలు.

కొరోనా త్రీ అని ఇంకొకటుంది, స్వరానికి మూడు రీడ్లు. అది కొలంబియా వాళ్ళకి ప్రాణం. అక్కడ వయెనాతో అనే సంగీతం ఉంది. అకార్డియన్, కాహా అనే చిన్న డోలు, గ్వచరాక అనే గీరుడు వాయిద్యం, ఈ మూడే. వయెదుపార్ అనే ఊళ్ళో 1968 నుంచి ఏటా పోటీలు పెడతారు. పాసేయో, మెరెంగే, సోన్, పూయా అని నాలుగు నడకలు, నాలుగూ వాయించి మెప్పిస్తేనే గెలుపు. యునెస్కో 2015లో ఈ సంగీతాన్ని, కాపాడుకోకపోతే పోయేవాటి జాబితాలో చేర్చింది. నాకు వాళ్ళ దగ్గర నచ్చింది ఏమిటంటే, జర్మనీ పెట్టె కొని అలాగే వాయించరు. ఊళ్ళో రిపేరు చేసేవాళ్ళకిచ్చి రీడ్లు గీకించి, పాటగాడి గొంతుకి తగ్గట్టు బి ఫ్లాట్–ఇ ఫ్లాట్–ఎ ఫ్లాట్ లాంటి శృతులకి మార్పించుకుంటారు. మన లెక్కలో ఆరున్నర, రెండున్నర, ఐదున్నర. పాట పెట్టెకి లొంగదు, పెట్టెనే పాటకి లొంగదీస్తారు. వాళ్ళ మెరెంగే మన తిశ్రగతి కోలాటం నడకే, వాళ్ళ లెక్కలో ఆరు–ఎనిమిది తాళం. యూట్యూబ్‌లో ఒకటి పెట్టి మీ వాళ్ళ చేత కర్రలు వేయించి చూడు, తేడా తెలియదు.

రాళ్ళు పొదిగిన గాబనెల్లి పెట్టెలు కూడా మీ బావకి అక్కడ కనిపించే ఉంటాయి. హ్యూస్టన్ కేంద్రంగా అమ్ముతారు, ఇటలీలో తయారవుతాయి. నోర్తేన్యో అనే ఉత్తర మెక్సికో సంగీతం వాయించే బృందాల వాళ్ళు స్టేజి మీద అవే వేసుకుంటారు. పని మంచిది, ధర కూడా దానికి తగ్గదే. మొదటి పెట్టెకి అక్కర్లేదు.

ఆస్ట్రియా, స్లొవీనియా కొండల్లో వాయించే స్టైరియన్ హార్మోనికాలు కూడా మూడు, నాలుగు వరసల్లో వస్తాయి. కొన్ని బటన్లు మాత్రం మూసినా తెరిచినా ఒకే స్వరం పలుకుతాయి, ఎడమచేతి మంద్రం బూర ఊదినట్టు ఉంటుంది. వినడానికి బలే ఉంటాయి గానీ బరువు. వాళ్ళ పాట ఎడమచేతి మీద నడుస్తుంది, మన పాట నడవదు. వదిలేయ్.

బి–సి–సి షార్ప్ సంగతి వేరు. పైకి చూస్తే అవే మూడు వరసలు, కానీ వరసకీ వరసకీ అర శృతే తేడా. ఏడు, ఒకటి, ఒకటిన్నర. అందువల్ల పన్నెండు స్వరాలూ దొరుకుతాయి. స్కాట్లండ్ వాద్యకారుడు జిమ్మీ షాండ్ దీన్ని ఒక స్థాయికి తెచ్చాడు, హోనర్ ఆయన పేరుతోనే షాండ్ మోరినో అని చేసింది. ఆ పెద్ద పెట్టెల్లో ఎడమచేతికి వందకు పైగా బటన్లు, అవి తిత్తి ఎటు తిరిగినా మారవు. కుడిచేతి స్వరాలు మాత్రం మారుతూనే ఉంటాయి. ఏ రాగమైనా సాధ్యమే, కానీ ఏ స్వరం ఎటు లాగితే వస్తుందో పన్నెండు శృతుల్లోనూ విడివిడిగా బట్టీ పట్టాలి. స్కాట్లండ్‌లో పిల్లలు చిన్నప్పటి నుంచి పక్కన పెద్దవాళ్ళని చూసి నేర్చుకుంటారు. నీకు రాజోల్లో ఎవరున్నారు? పాత పెట్టె కాబట్టి రీడ్ల ఖర్చు ఉంటుంది. నీ వయసులో నేనైతే ఇందులో దిగను.

పద్యానికి వద్దాం. ఇక్కడే నువ్వు నిజంగా ఆలోచించాలి.

పద్యం వాయించడంలో కష్టం ఎక్కడుందో నీకు నేను చెప్పక్కర్లేదు. కృష్ణుడిది ఒకటిన్నర, అర్జునుడిది రెండున్నర, ద్రౌపది వచ్చేసరికి ఇంకోటి. నటుడు పద్యం చివర రాగం తీసి నిలబెడితే నువ్వూ ఊపిరి బిగబట్టి స్వరం నిలబెట్టాలి. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికి. జి–సి–ఎఫ్ పెట్టె మీద ఒకటి శృతిలో శంకరాభరణం వరకు ఇబ్బంది లేదు. సి వరసలో మూస్తే వచ్చే స, జి వరసలో తెరిస్తే వస్తుంది. అలా పక్క వరసల్లోకి దాటుకుంటూ పోతే ఏడు స్వరాలూ రెండు దిక్కులా దొరుకుతాయి, కాబట్టి నిలబెట్టడం కుదురుతుంది. ఐదు శృతిలో నిషాదం ఒక్కటీ, నాలుగులో మధ్యమం ఒక్కటీ దాదాపుగా తెరిస్తేనే పలుకుతాయి, సర్దుకోవచ్చు. గ్రహభేదం, అంటే అవే స్వరాల్లో వేరేదాన్ని సా చేసుకుంటే ఇంకొన్ని రాగాలు వస్తాయి. సి వరసలో మోహన స్వరాలైదూ తీసుకుని రి దగ్గర సా పెట్టుకుంటే రెండు శృతికి మధ్యమావతి. గ దగ్గర పెట్టుకుంటే మూడు శృతికి హిందోళం. ప దగ్గర పెట్టుకుంటే ఐదు శృతికి శుద్ధసావేరి. కోలాటానికీ, జానపదానికీ ఇది చాలినంత సొత్తు.

కానీ నటుడు ఒకటిన్నరలో మాయామాళవగౌళ ఎత్తుకున్నాడనుకో, ఆ స్వరాలు ఏ వరసలోనూ కలిసి ఉండవు. వరసల చివర బటన్లలో కొన్ని విడి స్వరాలు పెడతారు గానీ, వాటిని వెతుక్కునేలోగా అర్జునుడు యుద్ధం ముగించేస్తాడు. కాబట్టి డయటానిక్ పెట్టెతో పద్యనాటకానికి పోవద్దు. అది పెట్టె లోపం కాదు, దాని పుట్టుక వేరు.

మీ బావ నాలుగోదిగా పంపిన క్రొమాటిక్ ఇక్కడ పనికొస్తుంది. ఫొటోలో నాకు తెలిసినంతలో అది బటన్ల అమరికలో సి–సిస్టమ్ అనే రకం. ఫ్రాన్స్, ఇటలీ, స్వీడన్ వైపు అదే వాడతారు. రష్యాలో బయాన్ అనే పెట్టెకి బి–సిస్టమ్, వరసలు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి. దేనికైనా మూసినా తెరిచినా ఒకటే స్వరం, మన హార్మోనియం లాగా. వరసలో పక్కపక్క బటన్ల మధ్య ఒకటిన్నర స్వరం దూరం. అందువల్ల ఒక శృతిలో వేళ్ళ నడక నేర్చుకుంటే అదే నడక ఒకటి, రెండున్నర, నాలుగున్నర, ఆరు శృతుల్లో పని చేస్తుంది. మూడు నడకలు నేర్చుకుంటే పన్నెండు శృతులూ నీవే. హార్మోనియం మీద అయితే ఒకటి శృతికి తెల్లమెట్లు, ఒకటిన్నరకి నల్లమెట్లు అని ఎన్ని అవస్థలు పడ్డావో గుర్తు చేసుకో. నిజం చెప్పాలంటే, స్కేల్ చేంజర్ (మెట్ల వరసని జరిపి శృతి మార్చే ఏర్పాటు) లేని హార్మోనియం కన్నా ఇది పద్యానికి మేలు.

ఎడమచేతి వైపు ఇంకో లాభం. దీనిలో మంద్రస్వరాల వరస పంచమాల లెక్కన అమర్చి ఉంటుంది. సా బటన్ పక్కదే పా. రెండు వేళ్ళతో రెండూ నొక్కి పట్టుకుంటే తంబురా పెట్టినట్టు సా–పా మోగుతూ ఉంటుంది, తిత్తి తిరిగినా మారదు. కార్డుల బటన్ల జోలికి పోకపోతే సరి. మన చర్చిల్లో అకార్డియన్ వాయించేవాళ్ళు కార్డులు వేస్తారు కదా అంటావేమో. ఇంగ్లీషు బాణీల కీర్తనలు కార్డుల మీదే కట్టినవి, వాటికి అందం. రామభజనకి కాదు.

స్వరాన్ని ఊపి పలికించే గమకం రెండిటిలోనూ రాదు. ఆ బాధ హార్మోనియంతోనే మొదలయింది, ఆకాశవాణి 1940లో దాన్ని బయట పెట్టి 1971 దాకా రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళూ మన నాటకాల వాళ్ళు, భజనల వాళ్ళు ఒక్కరోజు కూడా హార్మోనియం పక్కన పెట్టలేదు. నువ్వు కూడా ఆ చర్చలో పడకు.

సరే, ఏది కొనాలి? నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ అవసరం తీర్థంలో నడుస్తూ వాయించడం. పద్యానికి నీ దగ్గర హార్మోనియం ఉంది, కూర్చునే వాయిస్తున్నావు, దాన్ని మార్చాల్సిన పని లేదు. కాబట్టి కోలాటానికి మాత్రమే అనుకుని, మీ పాటగత్తె శృతి కనుక్కుని, దానికి సరిపడే డయటానిక్ పెట్టె తీసుకో. ఐదు అయితే జి–సి–ఎఫ్ పాంథర్. నాలుగు అయితే మీ బావ చూసిన ఆ కొరోనా. ఆరు అయితే ఎ–డి–జి గానీ ఇ–ఎ–డి గానీ వెతకమను. ఐదున్నర అంటే మాత్రం చిక్కే. ఐదుకి దిగుతుందేమో అడుగు, ఒక అర శృతికి సాధారణంగా ఎవరూ కాదనరు. అన్నిటికీ ఒకటే పెట్టె కావాలని పట్టుబడితే క్రొమాటిక్, కానీ బరువు ఎక్కువ. నాలుగు గంటలు తిరిగితే భుజం పట్టేస్తుంది. అదీగాక తిత్తి తిరిగినప్పుడు పడే ఆ దెబ్బ దానిలో తనంతట తాను రాదు, నువ్వు తెప్పించాలి. అసలు ఏదీ కొనకుండా హార్మోనియంకే పట్టీ వేసి మెడకి తగిలించుకుని నగరసంకీర్తనల్లో తిరిగినవాళ్ళని నేను చూశాను. అదీ ఒక దారే. అయితే మీ బావ ముచ్చటపడుతున్నాడు కదా, కాదనకు.

ఉప్పుగాలి విషయంలో నీ భయం సబబే. ఈ పెట్టెల్లో రీడ్ నాలుకలు ఉక్కువి. పాంథర్‌లో కుడివైపే 31 బటన్లకి, రెండు దిక్కులకి, రెండేసి రీడ్లు, మొత్తం 124. ఏ ఒక్కదానికి తుప్పు పట్టినా శృతి జారుతుంది. రీడ్ పలకలకి చిన్న తోలు ముక్కలు అతికించి ఉంటాయి, తేమకి అవి ముడుచుకుంటే స్వరం ఆలస్యంగా పలుకుతుంది. పలకలని మైనంతో అంటిస్తారు, ఎండకి అది మెత్తబడుతుంది. మే నెలలో ఒక పెళ్ళికి వెళ్ళి పెట్టెని కారు డిక్కీలో వదిలేశాను. సాయంత్రం తీసి వాయిస్తే లోపల చిల్లర డబ్బులు కదిలినట్టు చప్పుడు. ఏడు పలకలు ఊడి తిత్తిలో పడ్డాయి. ఆ పెళ్ళికీ వాయిద్యం లేదు, భోజనం మాత్రం చేసి వచ్చాను.

ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టకు, లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చు. వానాకాలంలో వాయించినా వాయించకపోయినా వారానికి రెండుసార్లు తిత్తి ఆడించి అన్ని బటన్లూ రెండు దిక్కులా నొక్కు. పడుకోబెట్టి దాచకు, వాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టు. కుప్పనూర్పిళ్ళ రోజుల్లో కళ్ళం దగ్గర అసలు తియ్యకు. వరి దూగర ఒక్క నూగు రీడ్ సందులో ఇరుక్కుంటే ఆ స్వరం మూగబోతుంది. హార్మోనియం బాగుచేసేవాళ్ళు రీడ్ శృతి చెయ్యగలరు. నాలుక కొసన గీకితే పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది, అది ఏ పెట్టెకైనా ఒకటే. కానీ మైనం, తోలు పని వాళ్ళలో చాలామందికి కొత్త. మొదటిసారి ఇచ్చేటప్పుడు దగ్గర కూర్చో.

మీ బావ వాడినది చూసేటప్పుడు చెయ్యాల్సినవి ఫోన్లో చెప్పు. తిత్తి పట్టీలు విప్పి, కుడివైపు పట్టుకుని, ఏ బటనూ నొక్కకుండా వేలాడదీయాలి. తిత్తి మెల్లగా దిగితే మంచిది, ధబ్బున పడితే గాలి పోతోందన్నమాట. ప్రతి బటన్ మూస్తూ ఒకసారి, తెరుస్తూ ఒకసారి ఒంటరిగా నొక్కి ఫోన్లో రికార్డు చేసి నీకు పంపమను. నీ చెవి చాలు. లోపల బూజు వాసన వస్తే, ధర ఎంత తగ్గించినా వద్దు. విమానంలో చేతి సామానుగానే తెచ్చుకోమను, సరుకులో వెయ్యొద్దు.

ముందు ఈ శనివారం భజన అయ్యాక పాటగత్తెని కూర్చోబెట్టి, హార్మోనియం మీద నాలుగు, ఐదు, ఆరు మూడూ వేసి చూపించు. రెండు పాటలు పాడించు, ఒకటి నిదానంగా, ఒకటి జోరుగా. జోరు పాటలో గొంతు ఎక్కడ హాయిగా ఉందో ఆ శృతి మీ బావకి మెసేజ్ పెట్టు. పెట్టె వచ్చాక ఎప్పుడైనా పాలకొల్లు వైపు వస్తే వెంట తీసుకురా. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. రీడ్లు చూసి పెడతాను, నాకూ ఒక పాట వాయించి చూడాలని ఉంది.